పదిహేడు నిమిషాలు

హార్లింగెన్ రేవు వెనక సందులో మా నోటరీ ఆఫీసు.
ఇనప బీరువా మూడో అరలో
వీలునామాలకీ విడాకుల కాగితాలకీ మధ్య
పదకొండేళ్ళుగా ఒక గోధుమరంగు కవరు.
మీద లక్క ముద్ర.
లోపల, రసీదు మాట నమ్మితే,
ఒక ప్రోగ్రాం తాలూకు సోర్స్ కోడ్.

ఏల్కె వియార్డా రాసింది.
సముద్రం కన్నా పల్లాన ఉన్న పొలాల్లోంచి
నీళ్ళు తోడే పంపులకి
ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో చెప్పేది.
నీటి సంఘం ఏటా డబ్బు కట్టేది,
కొనుక్కున్నామనే అనుకునేది.
లైసెన్సు ఆ మాట అనలేదు.
వాడుకో. విప్పకు. నకలు తియ్యకు.
వడ్డించింది తిను, వంటింటివైపు తొంగిచూడకు.

ఎంగిలిచేత్తో సముద్రపుకాకిని కూడా తోలడని
ఏల్కెని నవ్వేవాళ్ళు రేవులో.
నేను నవ్వలేదు.
సంతకాల రోజున కవరు నా చేతిలో పెట్టి
తన చెయ్యి కాసేపు తియ్యలేదు.
"తొమ్మిదేళ్ళు," అన్నాడు. ఇంకేం అనలేదు.

ఏడో క్లాజు:
కంపెనీ మూతపడితే,
లేదా మూడు నెలలు పలక్కపోతే,
కవరు విప్పి సంఘానికి చూపాలి,
మరమ్మతు కోసం, మరమ్మతుకి మాత్రమే.
ఒప్పందాల్లో ఎవరూ చావు అని రాయరు.
పలక్కపోతే అని రాస్తారు.

అక్టోబరులో ఏల్కె పలకడం మానేశాడు.
జనవరిలో ఒక పొడి రాత్రి
మూడో నంబరు పంపు తనంతట తానే లేచి
తెల్లారేదాకా ఉత్తి బురదని తోడింది.

విప్పేటప్పుడు ముగ్గురం:
నేను, సంఘం లాయరు యిల్డౌ,
ముప్ఫై ఏళ్ళుగా పంపులు చూసే సీట్సె.
లక్క బిస్కట్టులా విరిగింది.
లోపల డిస్కు. దాన్ని మింగే కంప్యూటరు
ఆఫీసు మొత్తంలో లేదు.
పక్క బడిలో సంగీతం మాస్టారిని బతిమాలి
ఆయన పాత పెట్టె అరువు తెచ్చాం.
దాని గురించి ఏ క్లాజూ లేదు.

తెర నిండా వరసలు. నా కంటికి చీమలబారు.
సీట్సె కళ్ళజోడు తుడుచుకుని
కిందికి, కిందికి, ఇంకా కిందికి జరిపి
ఒకచోట ఆగిపోయాడు.
ఆ అంకెల మధ్య మా ఫ్రీజియన్ భాషలో ఒక మాట:
"వాయవ్యం గాలి అయితే పదిహేడు నిమిషాలు ముందు.
ఎందుకని నన్నడక్కు. సీట్సెకి తెలుసు."

చాలాసేపు ఎవరం కదల్లేదు.
"ఎప్పుడో కాఫీ దగ్గర చెప్పాను," అన్నాడు.
"ఆ గాలి నీళ్ళని కాలవ చివరికి తోసేస్తుంది,
పంపు నోటి దగ్గర ఏమీ మిగలదు,
మనమే ముందు లేవాలి. మా నాన్న లెక్క అది."
పదకొండేళ్ళు చూడకూడదన్న తలుపు వెనక
తన మాటే కూర్చుని ఉంది, తన పేరుతో సహా.

యిల్డౌ గొంతు సవరించుకుంది.
రాసిన వరసలు ఏల్కెవి,
ఇప్పుడు అతని చెల్లెలివి.
చట్టం కాపాడేది రాతని. ఆ వెనకున్న తెలివిని కాదు.
అది ఓదార్పో హెచ్చరికో
నాకు ఇవాళ్టికీ తెలీదు.

డిస్కు మళ్ళీ కవరులో పెడుతున్నాను,
వేడి లక్క బొటనవేలి మీద పడింది,
అప్పుడు మోగింది సీట్సె ఫోను.
పక్క పొలాల సంఘం. అదే ప్రోగ్రాం, అదే జబ్బు.
ఏడో క్లాజుకి అదనంగా కట్టడం
దండగ అనుకున్నారు ఆనాడు.
ఒక్క నకలు, అన్నాడు అవతలి గొంతు.
యిల్డౌ తల అడ్డంగా ఊపింది.
నేనూ ఊపాను, వేలు నోట్లో పెట్టుకుని.

సీట్సె మా ఇద్దరినీ చూశాడు.
కోటు తీసుకుని వరండాలోకి నడిచాడు.
తలుపు పూర్తిగా పడలేదు, ఆ సందులోంచి
అతని గొంతు, తొందరేమీ లేకుండా:
"సరే గానీ, అక్కడ గాలి
ఎటునుంచి వీస్తోంది?"